సుంకమ్మవ్వ వంక, ఎమ్మెల్యే గారి కునుకు

నేను అనంతపురం వైపు వెళ్ళింది లేపాక్షి బసవన్నను చూడడానికి. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే తిరిగొచ్చిన దగ్గర్నుంచీ మా వీధిలో ప్రతివాళ్ళూ నన్ను ఆపి, బసవన్న ఎంత ఎత్తున్నాడని అడుగుతున్నారు. నాకేం తెలుసు? నేను దగ్గర్నుంచి చూసింది కుర్చీలో కూర్చుని నిద్రపోతున్న ఒక ఎమ్మెల్యే గారిని. ఆయన మామూలు ఎత్తే.

మాది పాలకొల్లు పక్క పల్లెటూరు. హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాను. మా చెల్లెలు రూతును రాయలసీమ అబ్బాయికిచ్చాం. ఆ అబ్బాయే మా మరిది దేవదాసు, కర్ణాటక సరిహద్దున ఒక పల్లెలో పాస్టరు. పెళ్ళయి ఇన్నేళ్ళయినా నేను వాళ్ళ గుమ్మం తొక్కలేదు. వేసవి సెలవులకు వాళ్ళే వచ్చేవాళ్ళు, చేపల కోసం. ఆ ఊరి పేరూ, ఆ ఎమ్మెల్యే పేరూ రాయనని మా మరిదికి మాటిచ్చాను. నా నోటి సంగతి ఎరిగినవాడు గనక తిరుగు బస్సెక్కే ముందు ఆ మాట మళ్ళీ ఒకసారి అనిపించుకున్నాడు.

ఉగ్గాని

అనంతపురం బస్టాండులో దిగగానే దేవదాసు నన్ను తిన్నగా ఒక హోటలుకు తీసుకెళ్ళాడు. అక్కడ ఉగ్గాని పెట్టారు. మన వైపు మరమరాలు పిల్లలు జేబులో పోసుకుని నమిలేవి. అక్కడ వాటిని నీళ్ళలో తడిపి పిండేసి, ఉల్లిపాయ, పప్పులపొడి వేసి తాలింపు పెట్టి పెద్దవాళ్ళకు టిఫిను చేసేశారు. పక్కన మిరపకాయ బజ్జీలు. ప్లేటు ముప్పై అయిదు. ముందు ఏమిటీ తడి మరమరాలు అనుకున్నాను, తర్వాత రెండో ప్లేటు చెప్పాను. బజ్జీ మాత్రం సగం కొరికేసరికి కళ్ళలోంచి గోదావరి కారింది. హోటలు ఆయన మంచినీళ్ళ గ్లాసు నా ముందు పెట్టి, ఏ ఊరమ్మా అని అడిగి, నేను చెప్పగానే దేవదాసు వైపు జాలిగా చూశాడు.

అక్కణ్ణుంచి పల్లెకు బస్సు. కిటికీలోంచి చూస్తే ఎర్రటి నేల, గుండ్లు పేర్చిన కొండలు, మోకాలెత్తు కూడా లేని చెనక్కాయ చేలు, అంటే మన వేరుశనగ. మా ఊళ్ళో ఇంటి వెనక కాలవ, ముందు చెరువు, మధ్యలో మేం. అక్కడ కనుచూపు మేర నీటి చుక్క లేదు. కండక్టరు ఒకరితో తెలుగు, ఒకరితో కన్నడం మాట్లాడుతూ, నా అయిదొందల నోటు చూసి మాత్రం రెండు భాషల్లోనూ విసుక్కున్నాడు. చిల్లర దుడ్లు లేనివాళ్ళు బస్సెందుకు ఎక్కుతారట.

లేపాక్షి ఎప్పుడని దేవదాసును అడిగాను. సోమవారం ఎమ్మెల్యే ఇంట్లో ప్రార్థన ఉంది, అది అయిపోయినాక పోదాం వదినా అన్నాడు. ఆ క్షణం నుంచి లేపాక్షి అన్న మాటకు 'అయిపోయినాక' అన్న తోక అతుక్కుపోయింది.

అవ్వ షరతు

రూతు నాకు రాగి సంగటి పెట్టింది. నేను దాన్ని అన్నంలా నమలబోయాను. పక్కింటి పిల్లలు పడీ పడీ నవ్వారు. దాన్ని నమలరట, పప్పులో ముంచి మింగాలట. ఇన్నేళ్ళు పళ్ళున్నది ఎందుకని అడిగాను. చెనక్కాయలు కొరకడానికి అని జవాబు వచ్చింది.

సాయంత్రం దేవదాసు చర్చి ముందు మంచం మీద కూర్చున్న ఒక అవ్వ నన్ను పిలిచింది. పేరు సుంకమ్మ. వయసు ఎంతో ఆమెకూ తెలియదు. కాళ్ళు పనిచేయవు గానీ నోరు రెండు కాళ్ళ పని కూడా చేస్తుంది. నేను పాస్టరు భార్యకు అక్కనని తెలియగానే తన ఫిర్యాదంతా నాకు అప్పగించింది.

ఊరికీ, క్రైస్తవుల సమాధుల దొడ్డికీ మధ్య ఒక వంక ఉంది. వంకంటే వానొస్తే పారే వాగు. ఎప్పుడూ ఎండిపోయే ఉంటుంది, మేకలు అందులోనే పడుకుంటాయి. అవ్వ భర్త పోయిన రోజున మాత్రం కొండల మీద వాన పడి వంక తెగ పారింది. శవపెట్టె భుజాన పెట్టుకున్నవాళ్ళు ఒడ్డునే నిలబడిపోయారు. నీళ్ళు తగ్గేదాకా ఆయన్ను ఇవతలే, వానలో, వేపచెట్టు కింద ఉంచాల్సి వచ్చింది. అవ్వ ఆ పెట్టె మీద తన కొంగు కప్పి కూర్చుంది. అప్పుడే తీర్మానించుకుందట, ఆ వంక మీద కల్వర్టు పడేదాకా తాను చావనని. చస్తే మొగుడి పక్కనే పడుకోవాలి, తడవకుండా పోవాలి. అంతే.

అధికారులకు చెబితే నవ్వారట. ఈ జిల్లాలో అందరూ నీళ్ళు ఇవ్వమని అడుగుతారు, నీళ్ళ మీద వంతెన అడిగింది నువ్వొక్కదానివే అన్నారట. అవ్వ మాత్రం తాను పోయిన రోజు వాన రావడం ఖాయమంటుంది. దాని మీద ఊళ్ళో ఒక వేళాకోళం ఉంది. పక్కింటి రైతు నా ముందే అన్నాడు:

"అట్లయితే బిరీన పోవ్వా. చెనక్కాయ ఎండిపోతాండాది, నీ పేరు చెప్పుకోని ఒక వాన వస్తాది."

అవ్వ అతని మీదికి చేతికర్ర విసిరింది. తగల్లేదు. అతనే తెచ్చి మళ్ళీ చేతికిచ్చాడు. మా వైపు ముసలివాళ్ళతో చావు గురించి ఇలా మాట్లాడితే మూడు తరాలు మాటలుండవు. వీళ్ళు ఆ మాటతోనే ఒకరికొకరు దగ్గరవుతారు కాబోలు.

అవ్వ ప్రతి ఆదివారం ఆరాధన కాగానే దేవదాసును మంచం మీంచే పట్టుకుంటుందట. నేనున్న ఆదివారమూ పట్టుకుంది.

"ఎమ్మెల్యేకు చెప్పినావా?"

"దేవునికి చెప్పినా అవ్వా."

"దేవునికి నేనూ చెప్పినా. ఎమ్మెల్యేకు చెప్పు."

దేవదాసు తల గోక్కుని లోపలికి పోయాడు. నాకు ఒళ్ళు మండింది. నెలనెలా ఎమ్మెల్యే ఇంటికి పోయే మనిషి ఆ ఒక్క మాట చెప్పడానికి ఏమైందట?

అర్జీ లేనివాళ్ళు

ఏమైందో రాత్రి భోజనాల దగ్గర తెలిసింది. వాళ్ళకో నియమం ఉంది. ఆ నియమం పెట్టింది సామ్యేలయ్య అనే పెద్ద పాస్టరు. బైబిలు ఒక చేత్తో, అర్జీ ఒక చేత్తో పట్టుకుపోతే నాయకుడు అర్జీనే చూస్తాడు, మనిషిని చూడడు, దేవుణ్ణి అసలే చూడడు అని ఆయన వాదన. అందుకని నెలకోసారి సామ్యేలయ్య, దేవదాసు, గిడియోను అనే కుర్ర పాస్టరు ముగ్గురూ ఎమ్మెల్యే ఇంటికి వెళ్తారు. ప్రార్థన చేస్తారు, టీ తాగుతారు, వచ్చేస్తారు. ఏమీ అడగరు. శాలువా కప్పరు, ఫోటో దిగరు. ఆయన తల్లి ఆసుపత్రిలో ఉన్నప్పుడు బయట బెంచీ మీద కూర్చున్నారు. అంతకు ముందొకసారి ఆయన ఎన్నికల్లో ఓడిపోయినప్పుడు, అంతమంది మూగే వరండాలో వీళ్ళు ముగ్గురూ, ఒక కుక్కా మాత్రమే ఉన్నారట. ఆ కుక్క కూడా అన్నం కోసం వచ్చిందే.

సోమవారం నన్నూ వెంట తీసుకెళ్ళారు. అదే దారిలో మళ్ళీ లేపాక్షి బస్సు పట్టుకోవచ్చని ఆశ చూపించారు. సామ్యేలయ్య సన్నగా, పొడుగ్గా, మెల్లగా మాట్లాడే మనిషి. గిడియోను దానికి పూర్తిగా తిరగేసిన మనిషి. మైకు లేకుండా మాట్లాడడం అతనికి అలవాటు లేదు. కారులో నా పక్కన కూర్చుని కుశలం అడిగితే రోడ్డు మీద గొర్రెలు బెదిరాయి.

ఎమ్మెల్యే గారి వరండా నిండా జనం. పింఛన్లు, బదిలీలు, బోర్లు, పక్క పొలంవాడి గట్టు. ప్రతి చేతిలో ఒక కాగితం. వీళ్ళ చేతుల్లో ఏమీ లేకపోవడం చూసి పి.ఏ. నన్ను పక్కకు పిలిచాడు. అమ్మా, మీరు కొత్తగా ఉన్నారు, నిజం చెప్పండి, వీళ్ళకు ఏం కావాలి అని గుసగుసగా అడిగాడు. ఏమీ వద్దట నాయనా అన్నాను. అతను నమ్మలేదు. ఇన్నాళ్ళుగా ఏమీ అడగలేదంటే ఏదో చాలా పెద్దది అడగబోతున్నారని అతని లెక్క. ఎమ్మెల్యే గారికి కూడా అదే చెప్పి పెట్టాడట. దాంతో ఆయన వీళ్ళను చూసినప్పుడల్లా లోలోపల కొంచెం భయపడతాడట.

ఆమేన్ అనకుండా

లోపల గదిలో ఎమ్మెల్యే గారు పేము కుర్చీలో కూర్చున్నారు. నుదుట విభూతి. కళ్ళ కింద నల్లటి గుంటలు. అందరికీ నమస్కారం పెట్టి, చెప్పులు విడిచి, బుద్ధిగా కళ్ళు మూసుకున్నారు. సామ్యేలయ్య ఆయన తల మీద చెయ్యి పెట్టి మొదలుపెట్టాడు. ఆ గొంతు వింటే పొయ్యి మీద పాలు కాగుతున్నట్టుంటుంది, పొంగు మాత్రం రాదు. నేను భక్తిగానే కళ్ళు మూసుకున్నాను గానీ, కాసేపటికి స్తోత్రం స్తోత్రం అనే శబ్దాల మధ్య ఇంకో శబ్దం వినిపించి ఒక కన్ను తెరిచాను.

ఎమ్మెల్యే గారు గురక పెడుతున్నారు. తల పక్కకు ఒరిగి సామ్యేలయ్య అరచేతిలో వాలిపోయింది. ఆయన చెయ్యి తీస్తే తల పడుతుంది. తీయకపోతే ప్రార్థన ముగించలేడు.

అప్పుడే ఎమ్మెల్యే గారి భార్య టీ పళ్ళెంతో లోపలికి వచ్చింది. చూసింది. పళ్ళెం చప్పుడు కాకుండా కింద పెట్టి, రెండు చేతులూ జోడించి, ఆపొద్దని సైగ చేసింది. తర్వాత సామ్యేలయ్య చెవి దగ్గరకు వచ్చి, పగలు జనం, రాత్రి ఫోన్లు, ఆయన కన్ను మూతపడి ఎన్ని రాత్రులయిందో పాస్టరయ్యా, మీ గొంతు ఆగితే లేస్తాడు, ఆపొద్దండి అంది. ఒక ఎత్తుపీట తెచ్చి, దాని మీద దిండు పెట్టి, సామ్యేలయ్య మోచేతి కింద పెట్టింది. ఆమె సైగ చూసి బయట పి.ఏ. జనం దగ్గర ఫోన్లన్నీ తీసుకుని పరుపు కింద దాచేశాడు.

అలా మొదలైంది. మా చర్చి సంఘాల్లో ఒకరు ఆమేన్ అంటే గదిలో ఉన్నవాళ్ళంతా ఆమేన్ అంటారు. అది మన చేతుల్లో ఉండదు, తుమ్ములాంటిది. కాబట్టి ఎవరూ ఆమేన్ అనకూడదు. ఒకరి మాటలు అయిపోతే పక్కవాళ్ళ చెయ్యి నొక్కాలి, వాళ్ళు అందుకోవాలి. సామ్యేలయ్య ఎమ్మెల్యేను, ఆయన ఇంటివాళ్ళను, మంత్రులను, ప్రతిపక్షాన్ని ముగించి గిడియోను చెయ్యి నొక్కాడు. పాపం గిడియోను. జీవితంలో మొదటిసారి గుసగుసగా ప్రార్థించాడు. మెడ నరాలు ఉబ్బాయి, ముఖం ఎర్రబడింది, చొక్కా తడిసిపోయింది. మండలాలన్నీ పేరుపేరునా ఆశీర్వదించి నా చెయ్యి నొక్కేశాడు.

మా ఊరి స్త్రీల కూడికలో నా ప్రార్థనకు మంచి పేరుంది. ఆ పేరు అక్కడ పనికి రాలేదు. రోగులను, ప్రయాణికులను, పరీక్షలు రాసే పిల్లలను అయిపోగొట్టేశాక ఏం చెప్పాలో తోచలేదు. మా కాలవల పేర్లు వరసగా చెప్పాను. వాటిలో కొంచెం నీళ్ళు ఇటు పంపమన్నాను. చివరికి, ప్రభువా, లేపాక్షి కూడా నీ సృష్టిలోని రాయే కదా, నన్నక్కడికి చేర్చు అని కూడా అన్నాను. సామ్యేలయ్య ఒక కన్ను తెరిచి చూశాడు. నేను గబుక్కున దేవదాసు చెయ్యి నొక్కాను.

దేవదాసు కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఎమ్మెల్యే గారు కదిలారు. ఆయన భార్య కంగారుగా చూసింది. అప్పుడు మా మరిది నోరు తెరిచాడు.

"ప్రభువా, మా సుంకమ్మవ్వ సంగతి నీకు తెలుసు. ఆయమ్మ ఆదివారం ఆదివారం నన్ను అడుగుతాండాది. నేను తల వంచుకోని పోతాండా."

ఇక అతన్ని ఆపేవాళ్ళు లేరు. వంక చెప్పాడు. వానలో ఒడ్డున ఆగిపోయిన పెట్టె చెప్పాడు. పెట్టె మీద కప్పిన కొంగు చెప్పాడు. రెండు వరసల తూములు చాలు ప్రభువా, మూడైతే ఇంకా మంచిది అన్నాడు. చెబుతూ చెబుతూ ఏడ్చేశాడు. నాకూ ఏడుపొచ్చింది. తలుపు దగ్గర ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ ఏడుపులో మా మరిది ఎక్కడున్నాడో మరిచిపోయి, యేసు నామమున వేడుకుంటున్నాము తండ్రీ ఆమేన్ అనేశాడు.

అంతసేపు గొంతు బిగపట్టుకున్న గిడియోను అంతే వేగంగా "ఆమేన్!" అన్నాడు. అద్దాలు అదిరాయి. వరండాలో ముసలాళ్ళు లేచి నిలబడ్డారు. గన్‌మ్యాన్ తలుపు తోసుకుని లోపలికొచ్చాడు. ఎమ్మెల్యే గారు ఉలిక్కిపడి లేచి, ఇంకా కళ్ళు సరిగా తెరవకుండానే చెయ్యి చాపి, నలభై ఊళ్ళ జనానికి రోజూ చెప్పే మాట చెప్పారు.

"చేద్దాం లేప్పా, చేద్దాం. అర్జీ పి.ఏ. కియ్యి."

ఏ అర్జీ లేదు సార్, మేము ఏమీ అడగలేదు అని సామ్యేలయ్య తిమ్మిరెక్కిన చెయ్యి విదిలించుకుంటూ అన్నాడు. మేం చల్లారిపోయిన టీ తాగి బయటపడ్డాం. గుమ్మం దగ్గర ఎమ్మెల్యే గారి భార్య సామ్యేలయ్యను ఆపి, ఆ అవ్వది ఏ ఊరని మాత్రం అడిగింది.

కారులో కొట్లాట

తిరుగు దారిలో సామ్యేలయ్య చెయ్యి రుద్దుకున్నాడు. తర్వాత, నువ్వు అడిగినావు అన్నాడు. దేవుణ్ణి అడిగినా అన్నాడు దేవదాసు. దేవునికి మీ ఊళ్ళో చెవులు లేవా, ఆ గదిలోనే ఉండాయా అన్నాడు సామ్యేలయ్య. వచ్చే నెల నుంచి నువ్వు రావద్దులే అని సామ్యేలయ్య మెత్తగానే చెప్పాడు. తిట్టినా బాగుండేది. మా మరిది కిటికీ వైపు తిరిగిపోయాడు. నాకు పెద్దాయన మీద పీకల దాకా కోపం వచ్చింది గానీ, ఆయన చెప్పినదాంట్లో తప్పు ఎక్కడుందో ఎంత వెతికినా దొరకలేదు. అది ఇంకా కోపం. దారిలో టైరు పంక్చరై, లేపాక్షి బస్సు వేళ కూడా దాటిపోయింది. పక్క అంగట్లో ఓళిగలు అమ్ముతున్నారు. అవి మన బొబ్బట్లే, ఇంకా పల్చగా, నేతిలో కాల్చి ఇస్తారు. ఒక్కోటి ఇరవై. కోపంలో నేను మూడు తిన్నాను.

ఆ సాయంత్రం దేవదాసు అవ్వ మంచం దగ్గర కూర్చుని ఉన్నదంతా చెప్పేశాడు. అడగడానికి కాదు అవ్వా మేం పోయేది, ఊరికే తోడుండడానికి, ఇంకమీద నేను పోను కూడా పోను అన్నాడు. అవ్వ అంతా విని, అడగనిదే అమ్మైనా పెట్టదు నాయనా, ఎమ్మెల్యే పెడతాడా అంది. అటు తిరిగి పడుకుంది.

మంచం మీద ఎమ్మెల్యే

బుధవారం లేపాక్షి ఖాయమైంది. గంజి పెట్టిన చీర కట్టుకుని, సంచి పట్టుకుని బస్సు కోసం రోడ్డెక్కాను. ఎదురుగా దుమ్ము రేపుకుంటూ తెల్ల కారొచ్చింది. ముందు సీట్లో సామ్యేలయ్య, వెనక ఎమ్మెల్యే గారు, ఆయన భార్య. జెండా లేదు, మేళం లేదు, పి.ఏ. కూడా లేడు. నా బస్సు నా ముందే వెళ్ళిపోయింది. వెళ్ళనిచ్చాను.

ఆయన భార్యే పట్టుబట్టి తీసుకొచ్చిందట. ఎమ్మెల్యే గారు వచ్చి అవ్వ మంచం మీదే ఒక పక్కగా కూర్చున్నారు. ఊరంతా చుట్టూ మూగింది. ఆయన అవ్వ చెయ్యి పట్టుకుని, "ఏం కావల్లవ్వా, చెప్పు" అన్నారు.

రూతు నా చెయ్యి పట్టుకుంది. నేను మనసులో అడుగు అవ్వా, అడుగు అని అరుస్తున్నాను. ఇన్నేళ్ళ కోరిక, ఎదురుగా కూర్చుని అడగమంటున్నాడు. అవ్వ ఆయన ముఖంలోకి వంగి చూసింది.

"నిద్ర పోవా నాయనా నువ్వు? కండ్లు గుంటలు పడినాయి."

అని, ఆ ఎండిన చెయ్యి ఆయన తల మీద పెట్టింది. నేను విన్నవాటిలోకెల్లా చిన్న ప్రార్థన అది.

"దేవా, ఈ బిడ్డకు నిద్ర ఇయ్యి. మిగతాది నేను ఆడికి వచ్చినాక మాట్లాడుకుందాము. ఆమేన్."

ఆమేన్ అనడానికి ఎవరికీ నోరు రాలేదు. గిడియోను అక్కడ లేడు కూడా. ఎమ్మెల్యే గారు తల వంచుకునే ఉండిపోయారు. మళ్ళీ అడిగారు, నీకేం కావాలవ్వా అని. ఏమీ వద్దు, పొద్దు పోతాండాది, ఇంత తినిపో అని రూతు చేత వేయించిన చెనక్కాయలు, బెల్లం తెప్పించి ఆయన దోసిట్లో పోయించింది. ఆయన ఆ చెనక్కాయలు తింటూ కారెక్కారు.

కారు కదిలిందో లేదో ఊరంతా అవ్వ మీద పడింది. నేను అందరికన్నా ముందున్నాను. ఏమమ్మా, నోట్లో నాలుక లేదా, ఇన్నాళ్ళూ మా మరిది ప్రాణం తీసి ఇప్పుడు చెనక్కాయలు పెడతావా అని కడిగేశాను. అవ్వ నన్ను తెలివి లేనిదాన్ని చూసినట్టు చూసింది.

"ఇంటికొచ్చినోన్ని అడుక్కుంటారామ్మా? మీ ఊర్లో మర్యాద లేదా? వచ్చినోనికి పెట్టల్ల. అడిగేది వాని ఇంటికి పోయినప్పుడు. మీరు పోతిరి, అడక్కుండా వస్తిరి."

వెనక్కి తిరిగి చూస్తే సామ్యేలయ్య అక్కడే ఉన్నాడు. తాను బస్సులో వస్తానని కారు దిగిపోయాడట. అవ్వ మాటంతా విన్నాడు. తర్వాత దేవదాసు భుజం మీద చెయ్యి వేసి, వచ్చే నెల నువ్వు రాప్పా అన్నాడు.

దూరంగా వంక దగ్గర తెల్ల కారు ఆగి ఉంది. ఎమ్మెల్యే గారు దిగి, ఎండిన ఇసుకలో మేకల మధ్య నిలబడి అటూ ఇటూ చూస్తున్నారు. ఆయన భార్య చెయ్యి చాపి సమాధుల దొడ్డి వైపు ఏదో చూపిస్తోంది. ఏమన్నదో మాకు వినబడలేదు.

తూములు

మర్నాడు నా సెలవు అయిపోయింది. అంటే రిటైరైనవాళ్ళకు సెలవేమిటి, మా ఆయనకు నా వంట మీద బెంగ పట్టుకుంది. లేపాక్షి 'అయిపోయినాక' దగ్గరే ఉండిపోయింది.

ఇంటికొచ్చిన కొన్నాళ్ళకు రూతు ఫోను చేసింది. వంక ఒడ్డున సిమెంటు తూములు దింపారట, మూడు వరసలకు సరిపడా. వాటిలో ఇప్పుడు మేకలు పడుకుంటున్నాయట. ఇంకొన్నాళ్ళకు మళ్ళీ చేసింది. కల్వర్టు పూర్తయింది, అవ్వను మంచంతో సహా మోసుకెళ్ళి దాని మీద అవతలికీ ఇవతలికీ రెండుసార్లు తిప్పారట. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవ్వకు ఫోనివ్వమన్నాను. ఇంక నీ కోరిక తీరింది కదవ్వా అన్నాను, కొంచెం బాధగానే. షరతు తీరింది మరి.

"యాడ తీరింది? కట్టినారు సరే. నీళ్ళు పారితే నిలుస్తాదో లేదో సూడొద్దా? ఒకసారి వంక పారనీమ్మా. సూసినాక పోతా."

ఫోను మళ్ళీ రూతు చేతికి వచ్చింది. ఆ వంక చివరిసారి ఎప్పుడు పారిందే అని అడిగాను. రూతు చెప్పింది, అవ్వ మొగుడు పోయిన ఏడట అక్కా, అప్పటికి నాకింకా పెళ్ళి కాలేదు అని.

రూతు పెద్దకొడుక్కి మొన్ననే పెళ్ళి సంబంధాలు చూడడం మొదలుపెట్టారు. అవ్వ ఆ పెళ్ళికి కూడా ఉంటుంది. నేనూ వెళ్తాను, లేపాక్షి చూడాలి కదా.